కార్డుకి పూసిన చమురు

పలాసకి ఏటీఎం మిషన్ కొత్తగా వచ్చిన రోజులవి. వనజ జీడిపిక్కలు కొట్టే మనిషి. మొగుడు కృపావరానికి కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్‌కని ఉద్దానంలో కొబ్బరితోట అమ్మేసి డబ్బు బ్యాంకులో వేసుకుంది. ఆమె ముట్టకుండానే ఆ డబ్బు తరిగిపోతోంది! కిందటి వారం డయాలసిస్‌కి విశాఖపట్నం వెళ్లడానికి డబ్బు చాలక, కృపావరం మొహం ఉబ్బి ఊపిరాడక అల్లాడిపోయాడు.

"కార్డు నీ దగ్గరే ఉంది. నంబరు నీకే తెలుసు. నువ్వు కాకపోతే దెయ్యం తీసిందా?" అన్నాడు బ్యాంకు మేనేజరు. వనజకి ఒళ్లు మండిపోయింది. కార్డు ఆపేయమంటావా అంటే వద్దంది. ఆపేస్తే దొంగ వెధవ దొరకడుగా!

నంబరు ఇంకొకడికీ తెలుసు. మొదటిరోజు మిషన్ దగ్గర నొక్కి చూపించింది మరిది విజయ్ కుమారే. అన్నని చూసే వంకతో రోజూ ఇంటికొస్తాడు. కానీ డిగ్రీ చదివినవాడు, చర్చిలో కానుకల లెక్క చూసేవాడు. రుజువు లేకుండా వదిన మాట ఎవడు నమ్ముతాడు?

పిక్క తొక్కలోని చమురు తగిలితే చర్మం పొక్కిపోతుంది. అందుకే పిక్కలు కొట్టేవాళ్లు చేతులకి ఆముదం రాసుకుంటారు. శుక్రవారం వనజ చేతులకి దట్టంగా ఆముదం పట్టించి, కార్డుకి పిక్కల చమురు పల్చగా పూసి పెట్టెలో పెట్టింది. "తియ్యరా నాయనా, తియ్యి," అని పళ్లు కొరికి పనికి పోయింది.

ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల, అందరికీ రొట్టె పంచే ఆరాధన. రొట్టె పళ్లెం వరసలో వచ్చింది. విజయ్ కుమార్ కుడిచెయ్యి జేబులోంచి తియ్యకుండా ఎడంచేత్తో ముక్క అందుకున్నాడు. వనజ ఆడవాళ్ల వైపునుంచి లేచి, నేరుగా వెళ్లి ఆ చెయ్యి బయటికి లాగింది. వేళ్లన్నీ బొబ్బలు!

"ఏటిది? నువ్వెప్పుడు పిక్కలు కొట్టినావురా? నా కార్డుకి పూసిన చమురిది!"

వాడు అందరి ముందూ కాళ్లమీద పడ్డాడు. "తప్పయిపోనాది ఒదినా, చెమించు!"

"ఒగ్గేయే, తమ్ముడు కదా," అన్నాడు వెనక బెంచీలోంచి కృపావరం ఆయాసపడుతూ.

"నువ్వూరుకో మావా! ఈడు నీ పేనాన్నే తోడేసినాడు."

సోమవారం వాణ్ణి బ్యాంకుకి ఈడ్చుకెళ్లింది. డబ్బు తీసింది తానేనని మేనేజరు కాగితం రాశాడు. సంతకం పెట్టమంటే వాడు పెన్ను పట్టలేక విలవిల్లాడాడు.

"పాపం, తగ్గాక పెడతాడులే," అన్నాడు మేనేజరు.

వనజ ఇంకు డబ్బా లాక్కుని, మరిది బొటనవేలు అందులో అదిమి కాగితం మీద నొక్కింది. బొబ్బ చితికింది. వాడు గావుకేక పెట్టాడు.

"పోలీసు టేషన్‌కి ఇంకోటి కావాల," అంది వనజ, ఆ వేలు వదలకుండా. "రాయండి బాబూ."