సిద్ధాంతిగారి గణితమును వేదవతి ప్రాణమును

వైశాఖమాసమున నమావాస్యనాడు మధ్యాహ్నవేళ గౌతమీతీరమందలి యొక యగ్రహారముపై నకాలసంధ్య వంటి ధూమ్రచ్ఛాయ క్రమక్రమముగా నావరింపగా పక్షులు గూళ్లకు మరలి గోవులు మేత మాని తలలెత్తి నిలువ పవనము సైతము స్తంభించెను. రాహుగ్రస్తుడగు సూర్యుని జూచి యూరెల్ల భీతిల్లెను. పంచాంగకర్తయగు పేరయసిద్ధాంతి భార్య సుందరమాంబకు మాత్ర మాకాశమువంక జూచు తీరిక లేదు. ఆమె చూపు కుమార్తె ముఖముమీదనే యుండెను.

వేదవతి పదునొకండేండ్ల బాలిక. ఆమె యుదరమున జఠరము వెనుక నొదిగియున్న క్లోమమందలి సూక్ష్మకణద్వీపములు తాము పుట్టింపవలసిన ఇన్సులిన్ అను రసమును పుట్టింపమానుటచే తినిన యన్నము చక్కెరయై రక్తమందే నిలిచిపోయి దేహకణముల వాకిళ్లు తెరువబడక కడుపార దినుచునే యా బాలిక పుల్లవలె నెండిపోయెను. పట్టణమునుండి వచ్చిన వైద్యుడు రత్నాజీరావు పశువుల క్లోమములనుండి తీసిన యా రసమును సూదితో నెక్కించుట తల్లికి నేర్పి యిట్లు హెచ్చరించెను.

"అమ్మా, ఈ మందు రక్తమందలి చక్కెరను కణములలోనికి పంపును. ఆరోగ్యవంతుల క్లోమము చక్కెర తగ్గగానే రసమును తానే తగ్గించుకొనును. సీసాలోని మందునకు ఆ తెలివి లేదు. సూది వేసిన గడియలోపల పిల్ల యన్నము తినవలెను. చెమటపట్టి వణకెనా, వెంటనే బెల్లపునీరు త్రాగింపుడు."

పశుసంబంధమగు మందని మొదట ముక్కు మూసికొనిన సిద్ధాంతియు బిడ్డ మొగము తేరుట చూచి యూరకుండెను. ఇంట బెల్లము మాత్రము రక్తమందు చక్కెరను పెంచునను భయమున విషమువలె నటకమీద దాచబడెను.

ఆనాడు సూర్యుడు నడినెత్తికి వచ్చిన పిమ్మటగాని గ్రహణము పట్టదనియు పిల్లకు ముందుగా నన్నము పెట్టవచ్చుననియు సిద్ధాంతి ఘంటాపథముగా జెప్పెను. ఆ మాట నమ్మి సుందరమాంబ సూది వేసి విస్తరిలో వడ్డించుచుండగనే వీథిలో గ్రహణము పట్టెనని కేకలు చెలరేగెను. తాతలనాటి సూత్రములతో గట్టిన గణితము గడియకు పైగా వెనుకబడెను. ఊరివారి యెదుట నిక తలయెట్లు ఎత్తుకొందునని సిగ్గును కోపమును ముప్పిరిగొనగా సిద్ధాంతి విస్తరి తీయించి యన్నముపై దర్భ వేయించి విడుపు వరకు మెతుకు ముట్టరాదని శాసించి జపమునకు గూర్చుండెను. సుందరమాంబ బిడ్డ ప్రక్కన గూర్చుండి మొగమునే కనిపెట్టుచుండెను.

మూడు గడియలు గడచునప్పటికి బాలిక మొగమున జల్లని చెమట పోసెను.

"అమ్మా, నా చేతులు నావి కానట్లున్నవే. నీవు ఇద్దరుగా కనబడుచున్నావు."

సూదిమందు లోపల నున్న చక్కెర నంతయు దోచుకొనుచున్నదని సుందరమాంబకు దెలిసెను. అటకెక్కి బెల్లము దింపి నీట గలుపుచుండగా ఇన్నాళ్లు విషమని దాచినదానిని నా చేతులతోనే పోయుచుంటినే యని యామె భయపడెను. ఇంతలో సిద్ధాంతి గుమ్మమున కడ్డముగా నిలిచెను.

"ఏమి చేయుచున్నావు? గ్రహణ మింకను విడువలేదు."

"నా బిడ్డకు పట్టిన గ్రహణము మీ పంచాంగమున లేదు. తొలగుడు!"

పదునాలుగేండ్ల కాపురమున నామె యట్లు పలుకుట యదియే మొదలు. సిద్ధాంతి బిడ్డ వాలుచున్న కన్నులు చూచెను. జపమాల చేజారెను. ఆయనయే కూర్చుండి తల నెత్తిపట్టగా తల్లి కొంచెము కొంచెముగా బెల్లపునీరు త్రాగించెను. ఆ కొద్దిసేపును వారికి యుగమువలె దోచెను. తుదకు బాలిక కనులు తెరచి "ఆకలి" యనెను. సూర్యుడింకను ముప్పాతిక మరుగుననే యుండగా సిద్ధాంతి లేచి యన్నముపై దర్భను తన చేతులతోనే తీసివేసెను.

"ఆకాశమున లెక్క తప్పితిని. సూర్యునకేమియు గాలేదు. ఇచట తప్పియున్నచో నాకు బిడ్డ దక్కెడిది కాదు" అని యాయన భార్య ముఖము చూడలేక పలికెను.

నాటినుండి విస్తరిలో నన్నము పొగలు గ్రక్కుచు గనబడువరకు సుందరమాంబ సూది చేతబట్టలేదు. బెల్లపుముద్ద యటక దిగివచ్చి సిద్ధాంతి పంచాంగముల ప్రక్కన చేతికందునట్లు కూర్చుండెను.