మూడోనాటి గుడ్డు

లాంతరు వత్తి రవ్వంత తగ్గించి, గుడ్లు పొదిగే పెట్టెలో చెయ్యి పెట్టి వేడి చూశాడు అటెండరు సమాధానం. ధర్మామీటరు ఉంది గానీ, ఇరవై రెండేళ్ళుగా అతను నమ్మేది తన మణికట్టునే. నెల్లూరులో ఒక కాలేజీ జంతుశాస్త్రం ల్యాబులో అతని ఉద్యోగం. పొట్టి మనిషి. ఫార్మలిన్‌కు తెల్లబారిన వేళ్ళు, ఎంత ఉతికినా ఆ వాసన వదలని ఖాకీ చొక్కా.

ఈ నెలంతా గుడ్లు మోసం చేస్తున్నాయి. మూడోరోజు పగలగొడితే పచ్చసొనే తప్ప పిండం జాడ లేదు. మంచి గుడ్లు ఇంటికి చేరవేసి, బజారు గుడ్ల మీద తేదీలు రాసి పెడుతున్నాడని లెక్చరరు పద్మనాభయ్య అనుమానం. రోజూ సాయంత్రం గుమ్మం దగ్గర సమాధానం గుడ్డసంచి తడిమి గానీ పంపడం లేదు.

సమాధానం అనుమానమల్లా కొత్తగా తెప్పిస్తున్న ఫారం గుడ్ల మీదే.

"ఆ ఫారంలో పుంజులు లేవేమోనయ్యా" అన్నాడొకసారి.

"నాకే పాఠం చెప్తావా?" అన్నాడు పద్మనాభయ్య.

ఉద్యోగం పోతే పోనీ, దొంగ అనిపించుకుని పోవాలా అని సమాధానం దిగులు. అతను వస్తే విద్యార్థులు మాట ఆపేస్తున్నారు. ఏ తప్పూ చేయకపోయినా నడకలో ఏదో దొంగతనం వచ్చి చేరింది. అందుకే మూడు రోజుల కిందట, భార్య రెబెక్కమ్మ పెంచే నల్లపెట్ట గుడ్లను ఎండుగడ్డిలో చుట్టి తెచ్చి పెట్టెలో పెట్టాడు. లోపలికి వచ్చే సంచిని ఎవరూ తడమరు కదా!

ఇవాళ క్లాసులో ఆ గుడ్లలో ఒకదాన్నే పద్మనాభయ్య గోరువెచ్చని ఉప్పునీళ్ళలో పగలగొట్టాడు. సొన మీద ఎర్రటి చుక్క టుక్కుటుక్కుమంటోంది.

"మొదట్లో కణాలన్నీ ఒకలాంటివే. పోనుపోను కొన్ని నరాలవుతాయి, కొన్ని కండ. ఈ గుండెకు నరం ఇంకా అందనేలేదు. అయినా కొట్టుకుంటోంది, చూడండి."

"ఏది ఏమవ్వాలో ఎవరు చెప్తారు సార్?" అని కరుణాకుమారి అనే విద్యార్థిని అడిగింది.

"చాలావరకు చుట్టూ ఉన్న కణాలే."

వెనక పళ్ళెం పట్టుకుని నిలబడ్డ సమాధానానికి కళ్ళు చెమ్మగిల్లాయి. క్లాసు వదిలాక దగ్గరికి వెళ్ళాడు.

"అయి మా ఇంటి గుడ్లయ్యా. పుంజుతో తిరిగే పెట్టవి. నేనే తెచ్చి పెట్టినాను."

పద్మనాభయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అయితే మంచి గుడ్లన్నీ ఇన్నాళ్ళూ మీ ఇంట్లోనే ఉన్నాయన్నమాట."

సమాధానం పళ్ళెం కింద పెట్టాడు. గిన్నెలు కడిగాడు. లాంతరులో కిరసనాయిలు పోశాడు. మిగిలిన గుడ్లను ఒక్కొక్కటే పక్కకు తిప్పాడు. బల్ల మీద తాళంచెవి పెట్టాడు.

"ఇంక నేను రానయ్యా."

గుమ్మం దగ్గర పద్మనాభయ్య చెయ్యి అలవాటుగా ముందుకు వచ్చింది. సమాధానం ఉత్త చేతులతో దాటిపోయాడు.

బల్ల మీద, తాళంచెవి పక్కన, లోపలిది బయటికి తిరగేసిన గుడ్డసంచి ఉంది. దాని కుట్టులో ఒక ఎండుగడ్డి పోచ ఇరుక్కుని ఉంది.