సాధువు పాదాల్లో పురుగులు

సాధువు కాలివేళ్ల సందుల్లోంచి పురుగులు రాలుతున్నాయి.

హెస్టర్ చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఏడువందల ఏళ్ల నాటిదని థర్న్‌బీ చర్చికి పేరు తెచ్చిన గోడబొమ్మ అది: బాలయేసును భుజాన మోస్తూ ఏరు దాటుతున్న సెయింట్ క్రిస్టఫర్. నేల చెమ్మ పాకిన చోట పాదాల రంగు బొబ్బలెక్కింది. బొబ్బల్లో పసుపుపచ్చ జిగురు, అందులో లుకలుకలాడే తెల్లపురుగులు. కుళ్లిన గుడ్ల కంపు.

వారంగా ఉన్న కంపే. పంటల పండుగకు కిటికీల్లో పేర్చిన కూరగాయలే కుళ్లాయనుకున్నారు.

"నా గుమ్మడికాయను అన్యాయంగా తిట్టావు," అంది పూలు సర్దుతున్న మడ్జ్, ముక్కు మూసుకుని. "కాళ్లు కడుక్కోవాల్సింది సాధువుగారు."

హెస్టర్‌కు నవ్వు రాలేదు. పురుగుకు తిండి కావాలి. అంత పాత గోడలో సున్నం తప్ప ఏముంటుంది?

బొమ్మ బయటపడకముందు అక్కడొక బీరువా ఉండేది. దాని వెనక గోడ నిండా చేతులు. వందల ఏళ్ల కిందట ప్లేగు మహమ్మారి ఏడాది బతికి మిగిలినవాళ్లు అరచేతులు గోడకానించి, చుట్టూ మేకుతో గీసుకున్నారని అమ్మ చెప్పేది. అట్టడుగున ఒక పసిచెయ్యి. చిన్నప్పుడు బీరువా సందులో దూరితే, హెస్టర్ చెయ్యి అందులో అచ్చంగా ఇమిడేది. బీరువా జరిపిన ఆబ్రీ, పైపూత రాలిపోయి చేతులు పోయాయనీ, కింద బొమ్మ దొరికిందనీ చెప్పాడు. చర్చి చరిత్ర రాసినవాడు కదా, నమ్మింది.

ఆబ్రీ పిప్పరమెంటు చప్పరిస్తూ వచ్చాడు. పురుగుల్ని చూసి అతని దవడ ఆగిపోయింది.

"చెమ్మ, హెస్టర్. పాత గోడలు కదా."

"వంగి వాసన చూడు."

"నాకు జలుబు."

హెస్టర్ చీపురుకాడతో బొబ్బను నొక్కింది. సాధువు మడమ మీగడలా జారి నేల మీద తపుక్కున పడింది. వెనక నున్నటి కొత్త పూత. ఆమె దాని మీద అరచెయ్యి ఆనించి తడిమింది.

"చేతులేవి, ఆబ్రీ?"

అతను పిప్పరమెంటును రుమాల్లోకి ఉమ్మి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

"జనం రావట్లేదని చర్చికి తాళం వేస్తామన్నారు కదా, హెస్టర్. నాలుగు గీతలు చూడ్డానికి ఎవరొస్తారు? బొమ్మయితే బస్సుల్లో వచ్చారు, నువ్వే టీలు పోశావు. గుడ్డుసొన, కుందేలుతోలు జిగురు, పుల్లపాలు కలిపాను. పాతవాళ్ల పద్ధతే. చేతులు రాలిపోలేదు. నేనే గీకేశాను, గోడ నున్నగా లేకపోతే రంగు నిలవదు. ఆ పసిచెయ్యిని మాత్రం ఆఖరిదాకా ఉంచాను. ఏం చెయ్యను, పాదం సరిగ్గా అక్కడికే వచ్చింది."