మొక్కుకోడి మెడ ఈకలు

గంప ఎత్తగానే సౌభాగ్యమ్మకు ఒళ్ళు మండిపోయింది. తెల్లపుంజు మెడ మీద ఒక్క ఈక లేదు. చర్మం ఎర్రగా కమిలిపోయి ఉంది.

తెల్లవారితే కోతల పండుగ. నాగాయలంక దగ్గరున్న ఆ ఊరి చర్చికి క్రైస్తవులంతా వరికంకులు, గుమ్మడికాయలు, కోళ్ళు తెచ్చి దేవుడి ముందు పెడతారు. ఆరాధన కాగానే వేలం వేస్తారు. కూతురు దేవమ్మ టైఫాయిడ్‌తో మంచం పట్టినప్పుడు సౌభాగ్యమ్మ ఈ పుంజును మొక్కుకుంది. పిల్ల లేచి తిరుగుతోంది. దేవుడికిచ్చేది లోపం లేకుండా ఇవ్వాలని, కుక్క నోట పడకుండా, పిల్లి కంట పడకుండా తన చేత్తో నూకలు పెట్టి పెంచుకొచ్చింది.

ఎవరు పీకారని అడగక్కర్లేదు. ఆయనగారు వసారాలో బల్ల ముందు కూర్చునే ఉన్నాడు.

ఆమె మొగుడు దేవసహాయానికి ఉద్యోగం కాలవ లాకు దగ్గర, ప్రాణం గాలం మీద. ఎప్పుడో ఇంజనీరు తెల్లదొర సీమకు వెళ్ళిపోతూ సన్నటి వెదురు గాలపు కర్ర, బల్లకు బిగించుకునే చిన్న పట్టకారు ఇచ్చిపోయాడు. ఆనాటి నుంచి వానపాము గుచ్చడం ఈ మహానుభావుడికి నామోషీ. ఎరగా ఈకలతో చేపపిల్లల్లాంటి దొంగచేపలు కట్టి ఉప్పుటేట్లో విసురుతాడు.

పట్టకారులో గాలపు ముల్లు బిగించి ఉంది. వలకు కట్టే సీసపు గుళ్ళను సాగగొట్టి తీసిన తీగ దాని తల దగ్గర ఒత్తుగా చుట్టి ఉంది. దాని మీద మైనపు దారంతో తెల్లటి ఈకలు కడుతున్నాడు. పక్కన కళ్ళకని రెండు గాజుపూసలు. ఆ సీసం బరువుకు దొంగచేప తలకిందులుగా మునిగి, లాగినప్పుడల్లా పైకి లేస్తుందట. దెబ్బతిన్న పరిగెపిల్ల అనుకుని పండుగప్ప చేప ఎగబడుతుందట. నాసి ఈకలైతే నీళ్ళలో ముద్దయిపోతాయట, బాగా మేపిన పుంజు మెడ ఈకలైతేనే ప్రాణమున్నట్టు ఆడతాయట. మేపింది ఎవరో మాత్రం ఆయనకు గుర్తు రాలేదు.

"ఏంటండీ ఈ పని?" అంది సౌభాగ్యమ్మ.

"మెడ ఈకలేగా, మళ్ళీ మొలుస్తాయిలే," అన్నాడు తలెత్తకుండా.

"రేపు పొద్దుటికి మొలుస్తాయా?"

"ఎందుకే అంత గొడవ? వేలంలో కొన్నవాడు ఎలాగూ పీకి కూర వండుకుంటాడు. వాడికి పని తగ్గించాను."

ఇలాంటి తెలివైన మాటలకే ఆమెకు చంపేయాలన్నంత కోపం వచ్చేది. పిల్ల ఒళ్ళు పెనంలా కాలిపోతుంటే, "నేను కూర్చుంటే జ్వరం తగ్గుతుందా?" అని కర్ర భుజాన వేసుకుని వెళ్ళాడు. అదీ తెలివైన మాటే. తడిగుడ్డ వేసింది తను, ఏడ్చింది తను, మొక్కింది తను.

"పోనీ, బజార్లో ఇంకో పుంజును తెస్తానులే," అన్నాడు.

"నేను బజార్లో కోడిని మొక్కలేదు," అని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు చర్చిలో బోడిమెడ పుంజును చూసి ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. సౌభాగ్యమ్మ చెవులు ఎర్రబడ్డాయి. పుంజును బల్ల దగ్గర పెట్టి, చంకలోంచి ఒక రేకు డబ్బా తీసి దాని పక్కన పెట్టింది. మగవాళ్ళ వరసలో దేవసహాయం దిగ్గున లేచాడు.

పాస్టరు ఏలీయా గారు మూత తీసి చూశారు. "ఇదేంటమ్మా?"

"అదే కోడండీ అయ్యగారూ. సగం కాళ్ళకి తాడు కట్టుకుని ఇక్కడుంది, సగం ఆ డబ్బాలో ఉంది. మొక్కిన కోడి మొత్తం దేవుడిదే కదండీ?"

"అవి నేను కట్టినవి!" అని అరిచాడు దేవసహాయం.

"కట్టింది మీరే. ఎవరి సొమ్ముతో కట్టారో కూడా చెప్పండి అందరికీ."

చర్చి గొల్లుమంది. అయ్యగారు కాసేపు గడ్డం నిమురుకుని, రెండూ కలిపి వేలం పెట్టారు. వేలం చూడ్డానికొచ్చిన, చేపలు పట్టే పల్లెకారు రత్తయ్య డబ్బాలోకి తొంగి చూసి, "ఏదీ, ఈ దొరచేపల సంగతేంటో చూద్దాం," అని పాట మొదలుపెట్టాడు. దేవసహాయం పెంచాడు. రత్తయ్యకు సరదా పుట్టి ఇంకా పెంచాడు. ఊరంతా చూస్తుండగా, తన ఇంటి కోడి కోసం, తన చేత్తో కట్టిన దొంగచేపల కోసం దేవసహాయం చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టాడు. రత్తయ్య చేతులెత్తేశాడు.

కాలవగట్టున ఇంటికి బయల్దేరారు. పుంజు అతని చంకలో ఉంది, డబ్బా చేతిలో ఉంది. దేవమ్మ ముందు గెంతుతూ నడుస్తోంది. గుమ్మం దగ్గర అతను ఆగాడు.

"గడియారం కూడా ఇచ్చేశాను. ఇక నీ మొక్కు చెల్లినట్టేగా?"

"దేవుడికి చెల్లిందండీ," అంది సౌభాగ్యమ్మ చెప్పులు విడుస్తూ. "నాకు చెల్లలేదు."