వదిన కాళ్ళు

పొద్దున్నే ఇద్దరూ ఒకే కుట్టుమిషను ముందు కూర్చుంటారు. ఆడపడుచు తొక్కుతుంది, వదిన గుడ్డ నడుపుతుంది.

"నెమ్మదిగా తొక్కవే, మెడ మలుపులో ఉన్నాను."

ఉన్నట్టుండి ఆడపడుచు ఆపేసి, "పద వదినా, నీకు ఒంటికొస్తోంది," అంటూ చక్రాల కుర్చీ లాగుతుంది. వదిన గుడ్డ పక్కన పెట్టి, ఆ పిల్ల భుజం పట్టుకుని ఎక్కుతుంది.

కిందటేడు జ్వరం తగ్గాక వదిన కాళ్ళు మొద్దుబారాయి. పొద్దస్తమానం మిషను తొక్కేవాళ్ళకి తిమ్మిరి మామూలే కదా అని ఆవిడ కాళ్ళు విదిలించుకుంటూ పని కానిచ్చింది. ఒకరోజు లేవబోతే నడుం కింద ఏమీ లేనట్టే అయింది. వెన్నుపాము వాచిందన్నారు ఆసుపత్రిలో. వాపు తగ్గింది గానీ స్పర్శ తిరిగి రాలేదు. డాక్టరు ఆవిడ అరికాలి మీద తాళంచెవితో గీస్తే, పక్క బల్ల మీదున్న ఆడపడుచు కిసుక్కున నవ్వింది.

"ఓహో, అటు పోయిందా. ఈసారి నుంచి ఈ అమ్మాయినీ తీసుకురండి," అని డాక్టరు మందులు రాసిచ్చాడు.

"కాళ్ళు నీవి, కితకితలు దానివి," అన్నాడు మొగుడు ఇంటికొచ్చాక. ఆ ఇంట్లో దాని గురించి అంతకు మించి చర్చ జరగలేదు.

ఇంతలో ఆడపడుచుకి దూరపు ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. ఏళ్ళ తరబడి కాళ్ళరిగేలా తిరిగితే వచ్చిన ఉద్యోగం.

"అంత దూరం పోతే నీ కాళ్ళు నాకు తెలుస్తాయో లేదో."

"నా సంగతి నేను చూసుకుంటాలే. నీ బతుకు నువ్వు బతకవద్దూ?" అంది వదిన. మనస్ఫూర్తిగానే అంది. కానీ మొగుడు తెల్లారకుండా డ్యూటీకి పోతాడు. ఇస్త్రీపెట్టె తగిలి చర్మం కాలినా, కూర్చున్నచోటే తడిసిపోయినా వాసనొచ్చేదాకా తనకి తెలియదు. ఆ భయం ఆవిణ్ణి నిద్రపోనివ్వలేదు.

ప్రయాణం రోజు బండి గుమ్మం ముందు ఆగింది. ఆడపడుచు సంచీ భుజాన వేసుకుంది.

"వెళ్ళొస్తా వదినా."

"క్షేమంగా వెళ్ళిరా," అంటూనే వదిన చేతిలోని సూదిని తన పిక్కలో దించింది.

గుమ్మంలో ఆడపడుచు "అబ్బా" అని పిక్క పట్టుకుని కూలబడింది. తిరిగి చూసింది.

"చెయ్యి జారిందే," అంది వదిన.

ఆడపడుచు సూదినీ, ఆవిణ్ణీ చూసింది. సంచీ దించి బండిని పంపించేసింది. తనకి సిగ్గేస్తుందేమోనని వదిన కాసేపు ఎదురుచూసింది. వెయ్యలేదు.

ఆడపడుచు దూదీ మందూ తెచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుంది. మందు రాస్తుంటే, మంట ఎంతుందో తెలుసుకోవడానికి వదిన ఆ పిల్ల మొహంకేసి చూసింది.