రెండు బంట్ల ఎత్తు

జయచంద్ర సారు పప్పన్నం కలిపిన వేలితోనే ఫోను తెర మీద గుర్రాన్ని జరిపాడు. తెర మీద పసుపు మరక పడింది. దాన్ని చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ ఆ వేలినే నోట్లో పెట్టుకున్నాడు. నాకు ముద్ద దిగలేదు.

తిరుచానూరులో అమ్మవారి గుడికి పోయే దోవలో, ఒక కల్యాణ మండపంలో ఆ రోజు ఆడపిల్లల చదరంగం పోటీ. ఆఖరి ఆట ఒక్కటే మిగిలింది. అన్నాలకని ఆట ఆపితే పక్కనున్న హోటల్లో నేను, నా కొడుకు మునికుమార్, సారు ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం. సారు మా ఇంటి మేడ మీదే పిల్లలకు చదరంగం నేర్పుతాడు. మా మనవరాలు రూపశ్రీ ఆయన దగ్గరే నేర్చుకుంటోంది. జెస్సీతో ఆడే ఆ ఆఖరి ఆటలో దానికి తెల్లపావులు వచ్చాయి. తెల్లపావులతో ఏ ఎత్తు వేసి మొదలుపెడితే మంచిదని వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటున్నారు.

నాకు ఆ మాటలంటే ఇష్టం. బడికి పోలేదు గానీ, పొట్లాలు కట్టిన కాగితాలు కూడబలుక్కుంటూ అక్షరాలు నేర్చుకున్నదాన్ని. చదరంగం గురించి ఏ ముక్క కనపడినా వదలను. అందుకే ముందుకు వంగి విన్నాను.

"మంత్రి ముందర బంటు వేస్తే ఎట్లుంటాది సార్?" అన్నాడు మునికుమార్. వాడికి ఆట రాదు. కూతురు గెలవడం మొదలుపెట్టాక మాటలు మాత్రం వచ్చాయి.

"వద్దప్పా. ఆట మూసుకపోతాది. సాయంత్రం దాకా నడస్తానే ఉంటాది. అట్లాంటి ఆటలో ఆ పిల్ల ఓడిపోవల్లంటే యాడో ఒకచోట ఊరికే పావు ఇచ్చెయ్యాల. చూసేవాళ్ళకు అనుమానమొస్తాది."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"రాజు ముందర బంటే మనకు మంచిది. దోవ తెరుచుకుంటాది. మన ఒంటె, మన గుర్రం రెండూ పోయి వాళ్ళ రాజు పక్కనుండే బంటు మీద గురి పెడతాయి. నడిమధ్యన బంట్లు కొట్టుకుంటాయి. అప్పుడు ఆ పిల్ల తన గుర్రంతో మన బంటును తినాల. తినిందా, అయిపోయినట్టే. మన గుర్రం దూకి రాజును బజార్లోకి ఈడుస్తాది. ఎంతమంది పిల్లోళ్ళు పడినారో ఇందులో! ఇంకొకరు పడితే ఎవురికీ వింత కాదు. దీని పేరు తెలుసునా? ఫ్రైడ్ లివర్."

"అంటే?"

"కార్జం వేపుడు!" అని పెద్దగా నవ్వాడు సారు. "అయ్యో, అమ్మవారి గుడి పక్కన ఏం మాట నోట్లోనించి వచ్చింది!" అని ఆ ఎంగిలి చేత్తోనే చెంపలు వేసుకున్నాడు. చెంప మీద పప్పు అంటుకుంది.

"గుర్రంతో తినకూడదని జెస్సీకి బాగా తెలుసు సారూ," అన్నాను.

"తెలుసు గాబట్టే తినమని చెప్పినాను మా," అన్నాడు.

జెస్సీ ఎవరో చెప్పాలి. రూపకు స్నేహితురాలు. రూప కంటే చిన్నది. వాళ్ళమ్మ ఎస్తేరు శ్రీ సిటీలో ఫ్యాక్టరీ పనికి పోతుంది. పొద్దున కంపెనీ బస్సెక్కితే దీపాలు పెట్టే వేళకు తిరుపతికి తిరిగి వస్తుంది. బడి వదిలాక జెస్సీ మా ఇంటికే వస్తుంది. మేడ మీద సారు దగ్గర ఆడి, కిందికి దిగి నా దగ్గర ఆడుతుంది. ఎస్తేరు వచ్చి తీసుకుపోయేదాకా నాకు ఆ ఇద్దరే లోకం.

నా దగ్గర ఆట వేరు. మా చిన్నప్పుడు ఇళ్ళల్లో ఆడిన తీరు. మొదటి ఎత్తులో రెండు బంట్లను తలా ఒక గడి జరపవచ్చు. పోటీల్లో అది చెల్లదు, ఒక ఎత్తుకు ఒక పావే. రూప మొట్టమొదటి పోటీలో అలవాటు కొద్దీ రెండు బంట్లు జరిపి గడియారం నొక్కేసింది. ఆటలు చూసే ఆర్బిటరమ్మ వచ్చి, "ఇంకోసారి ఇట్లా చేస్తే ఓడిపోయినట్టే పాపా," అని హెచ్చరించింది. ఆ రోజు సారు ఇంటికొచ్చి నా మీద విసుక్కున్నాడు. "మీ నాటు ఆట మీరుంచుకోండి మా, నా పిల్లోళ్ళను చెడపాకండి," అన్నాడు.

ఇంకొక అలవాటు కూడా నాదే. సాయంత్రం ఆట ముగియనివ్వను. ఎస్తేరు గొంతు వినపడగానే పావులు ఎక్కడివి అక్కడే ఉంచి, చదరంగం పలక మీద గంప బోర్లిస్తాను. "రేపు నీదే ఎత్తు," అంటాను జెస్సీతో. ఆట మిగిలి ఉంటే మనిషి తిరిగి వస్తుందని నా పిచ్చి. నాకు ఈ ఆట నేర్పిన మా అన్న కుప్పయ్య నన్ను గెలిచి, పావులన్నీ సంచిలో పోసి, ఆ పూటే లారీ ఎక్కి పనికి పోయాడు. మళ్ళీ రాలేదు. మా ఆయన కూడా ఇంట్లో పనులన్నీ ముగించుకునే ఆసుపత్రికి బయలుదేరాడు. ముగిసినదేదీ నాకు మంచి చేయలేదు.

పై పోటీకి ఒక్కరినే పంపుతారు. ఉదయం ఆటలయ్యేసరికి జెస్సీ ముందుంది. దాని వెనకే రూప. ఆఖరి ఆట వీళ్ళిద్దరికే పడింది. రూప గెలిస్తే రూప పోతుంది. డ్రా అయినా, ఓడినా జెస్సీయే.

"ఈ వయసు పోటీలో రూపకు ఇదే ఆఖరి ఏడు," అన్నాడు నా కొడుకు, నా మొహం చూడకుండా. "జెస్సీకి ఇంకా ఉండాది గదా."

"ఒప్పుకోకుంటే?" అన్నాను.

"నేను ఊరికే నేర్పిస్తా ఉండా ఆ పిల్లకు," అన్నాడు సారు పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ. "రేపటినించి మేడెక్కనీను. వాళ్ళమ్మకు చెప్పేసినాను. తలకాయ ఊపింది."

"రూపకు తెలుసునా?"

"వద్దు మా. ఆ పిల్ల మొహంలో దాగదు. ఈ ఎత్తు వెయ్యమని చెప్తే చాలు, గెలుస్తాది. సంతోషపడతాది."

నేను ఆకు మడిచేశాను. "ఛీ, మీరు తినేది అన్నమేనా?" అన్నాను.

మునికుమార్ నా చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మా, నువ్వు నోరు మెదపాకు. మెదిపితే జెస్సీ రేపటినించి రాదు. అప్పుడు వాకిట్లో కూసోని ఏడ్చేది నువ్వే."

నా కడుపున పుట్టినవాడు. నా భయం ఎక్కడుందో వాడికి తెలుసు. సరిగ్గా అక్కడ వేలు పెట్టాడు. చెయ్యి విడిపించుకుని పోయి కొళాయి కింద చాలాసేపు కడుక్కున్నాను. వాడు పట్టుకున్న చోటు కూడా కడుక్కున్నాను.

మండపం పెరట్లో పెళ్ళివంటల గాడిపొయ్యి పక్కన పిల్లలిద్దరూ ఒకే డబ్బాలో నిమ్మకాయ అన్నం పెట్టుకుని కూర్చున్నారు. ఎస్తేరు గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"అవ్వా, జెస్సీ తినడంలే. అడిగితే పలకదు," అంది రూప.

"కడుపునొప్పంట," అంది ఎస్తేరు.

"కడుపునొప్పి కాదు ఎస్తేరూ, నాకు తెలుసు," అన్నాను.

ఎస్తేరు నన్ను తేరిపార చూసింది. "తెలుసా పెద్దమ్మా? ఎప్పటినించి తెలుసు?"

"ఇప్పుడే, హోటల్లో."

"అయితే మీరు కూడా అదే చెప్పేదానికి వచ్చినారా? నా బిడ్డ ఒకసారి చెబితే వింటాది. ఇద్దరు రావాల్సిన పన్లే."

ఆ మాట నాకు తగలాల్సిందే. ఇంక దాచి చేసేదేముంది? జెస్సీ రేపు రాకపోతే రాకుండా పోనీ అనుకున్నాను. గాడిపొయ్యి గట్టు మీద కూర్చుని, "రూపా, సారు నీకు ఏ ఎత్తు వెయ్యమన్నాడు?" అని అడిగాను.

"రాజు ముందర బంటు. తర్వాత గుర్రం, ఒంటె. ఫ్రైడ్ లివర్. జెస్సీ అందులో పడదవ్వా, దానికి తెలుసు."

"పడమన్నారు," అంది జెస్సీ. తల ఎత్తలేదు. "గుర్రంతో తినమన్నారు."

రూప నవ్వబోయి ఆగిపోయింది. నోట్లో ఉన్న అన్నాన్ని మింగలేక పక్కన ఉమ్మేసింది. "నాయనకు తెలుసునా?"

నేను తలూపాను.

"అయితే నేను ఆ ఎత్తు వెయ్యను. మంత్రి ముందర బంటు వేస్తా. ఏం చేస్తారు?"

"ఏది వేసినా ఓడిపొమ్మన్నారు," అంది జెస్సీ. "నువ్వు ఏ బంటు వేస్తే ఏముండాది?"

"నువ్వు వినకపోతే?"

జెస్సీ వాళ్ళమ్మ వైపు చూసింది. ఎస్తేరు, "నన్ను చూడాకు మే," అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేను పనికి పోతే నిన్ను చూసే ఇల్లు ఇంకొకటి యాడుండాది?"

గంట కొట్టారు. రూప డబ్బా మూత పెట్టి, చేతులు కడుక్కుని, జెస్సీ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

పెద్దవాళ్ళను లోపలికి రానివ్వరు. కిటికీ చువ్వల దగ్గర మూగి చూడాల్సిందే. నాకు రూప కూర్చున్న బల్ల కనపడేంత సందు దొరికింది. నా వెనకే సారు, మునికుమార్. సారు నోట్లో వక్కపొడి నములుతున్నాడు. ఆ వాసన నా మెడ మీదికి కొడుతోంది.

"ఇప్పుడు రాజు ముందర బంటు జరుపుతాది చూడన్నా," అన్నాడు.

రూప రెండు చేతులూ చాపింది. ఒక చేత్తో రాజు ముందరి బంటును, ఇంకొక చేత్తో మంత్రి ముందరి బంటును తలా ఒక గడి జరిపింది. గడియారం నొక్కింది.

"ఏయ్! ఏందిది?" అన్నాడు సారు.

జెస్సీ కాసేపు పలకను చూసి చెయ్యి ఎత్తింది. ఆర్బిటరమ్మ వచ్చి బంట్లు వెనక్కు పెట్టించి, జెస్సీకి గడియారంలో సమయం కలిపి, రూపకు వేలు చూపించి ఏదో చెప్పింది. రూప బుద్ధిగా తలూపింది. ఆర్బిటరమ్మ అక్కడే నిలబడింది.

రూప మళ్ళీ రెండు చేతులూ చాపింది. మళ్ళీ అవే రెండు బంట్లు, తలా ఒక గడి. గడియారం నొక్కి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

జెస్సీ ఈసారి చెయ్యి ఎత్తలేదు. బల్ల మీద తల వాల్చి ఏడ్చింది. ఆర్బిటరమ్మ గడియారం ఆపేసి, గెలుపు జెస్సీ పేరున రాసింది.

"ఎందుకమ్మా అట్లా చేసినావు?" అని ఆవిడ అడగడం కిటికీ దాకా వినపడింది.

"మా అవ్వ దగ్గర ఇట్లే ఆడతాము," అంది రూప.

బయటికి రాగానే సారు నా మీదికి వచ్చాడు. "చెప్పినానా లేదా? మీ నాటు ఆట నా పిల్లను ముంచేసింది!"

"నీ వేపుడు కంటే మా నాటు ఆటే నయం నాయనా," అన్నాను. "దాన్ని తిని ఎవరూ కక్కుకోలేదు."

ఇంటికొచ్చాక మునికుమార్ కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "నీ కోసమే గదా పాపా," అన్నాడు. రూప చెంబెడు నీళ్ళు తాగి లోపలికి పోయింది.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. మేడ మెట్ల దగ్గర జెస్సీని ఆపేస్తారు, ఎస్తేరు బిడ్డను చిత్తూరు దగ్గర వాళ్ళ ఊళ్ళో వదిలేస్తుంది, నేను గంప ఎత్తను, పావుల మీద దుమ్ము పడుతుంది. ఇవే ఆలోచనలు.

తెల్లారేసరికి మా గోడకు ఫ్లెక్సీ వేలాడుతోంది. దాంట్లో జెస్సీ బొమ్మ. పక్కనే అంతకు రెండింతలు సారు బొమ్మ, చేతులు కట్టుకుని. "మా శిక్షణలో మెరిసిన ఆణిముత్యం" అని రాయించాడు. దాని కింద నిలబడి ఫోటో తీయించుకుంటున్నాడు. నా కొడుకు కూడా నిలబడ్డాడు.

"అది కూడా మనింటి పిల్లే గదమ్మా," అన్నాడు నన్ను చూసి, పళ్ళు కనపడేలా నవ్వుతూ.

నేను వాకిట్లో పేడనీళ్ళు చల్లుతున్నాను. మిగిలిన నీళ్ళు ఇద్దరి కాళ్ళ మీద పడేలా విసిరి లోపలికి వచ్చేశాను.

దీపాలు పెట్టే వేళకు ఎస్తేరు వచ్చింది. వెనక జెస్సీ. ఫ్లెక్సీ ముందు ఆగి తల ఎత్తి చూసింది ఎస్తేరు.

"ఓడిపొమ్మన్న నోరు ఇదేనా పెద్దమ్మా? ఎంత పెద్దగా ముద్దర కొట్టించినాడు!"

మేడ మీద నుంచి సారు తొంగి చూశాడు. "రామ్మా ఎస్తేరూ, పాపను పైకి పంపించు. పై పోటీకి తయారు చెయ్యాల!"

ఎస్తేరు పైకి చూడలేదు. గేటు పక్కకు పోయి ఉమ్మి వచ్చింది. "ఆ మెట్లు ఎక్కనీను పెద్దమ్మా. ఓడిపొమ్మని నేర్పించినోడు గెలిచేది ఏం నేర్పిస్తాడు? ఇంకొకరిని చూసుకుంటాము."

"అంటే, ఇంక రాదా?" అన్నాను.

"పైకి రాదంటా ఉండా," అంది ఎస్తేరు. "కిందికి రాదని ఎవురన్నారు? మిగిలిన ఆట గంప కిందనే ఉండాది గదా."

నేను వెనక్కు తిరిగేసరికి గంప పక్కన పెట్టి ఉంది. జెస్సీ బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఎదురుగా రూప.

"నీదే ఎత్తు. బిరీన వెయ్యి మే," అంది రూప.

మేడ మీద పిల్లలు సారుతో పాటు గొంతు కలిపి వల్లిస్తున్నారు. రాజు ముందర బంటు, తర్వాత గుర్రం, తర్వాత ఒంటె.

"ఎస్తేరూ, ఆ తలుపేసి లోపలికి రామ్మా," అన్నాను.