ముక్కు బరువు

కోటి పోయి నెల దాటింది. మల్కాపురంలో వాళ్ల రెండు గదుల ఇంట్లో అతను చేసిన బొమ్మ విమానం ఇంకా మేకుకే వేలాడుతోంది. రెక్కలయ్యాయి, తోకయ్యింది, ఎర్ర రంగూ అయ్యింది. ఇంజినొక్కటే లేదు. చేపల రేవులో మరబోట్ల ఇంజిన్లు బాగుచేసే మనిషి, దీనికి ఏ ఇంజిన్ పెట్టాలో తేల్చుకోకుండానే ఒకనాడు బోటులోనే గుండె పట్టుకుని కూలబడిపోయాడు.

"రెండు తెచ్చాను వదినా. ఏది పెట్టాలో నువ్వే సెప్పు," అన్నాడు సాయిశంకర్. కోటితో కలిసి ఆదివారాలు విమానాలెగరేసినవాడు.

కోటి భార్య గౌరీశ్వరి చాప మీది ఇంజిన్ల వైపు చూసింది. "నాకేటి తెలుసు?"

"సిన్నది గొంతు సించుకుంటాది గానీ తేలిక. పెద్దది బోటులాగ నిదానంగా మోగుతాది, బరువు."

"మీ అన్న ఏటనీవోడు?"

"ఓ రోజు ఇదనీవోడు, ఓ రోజు అదనీవోడు."

నవ్వు రావాల్సిన మాట. లేదంటే ఏడుపు. ఆమెకు రెండూ రాలేదు. కర్మ రోజునా ఇంతే. కళ్ల నీళ్లు పెట్టని పెళ్లామని ఆడపడుచులు గుసగుసలాడుకుంటుంటే, ఎవరి గురించో అన్నట్టు విని వడ్డన చూసుకుంది.

సాయిశంకర్ విమానం దించి, రెక్కను రబ్బరు బ్యాండ్లతో బిగించాడు. చిన్న ఇంజిన్‌ని ముక్కుకు టేపుతో అంటించాడు. "రెక్క కింద రెండేళ్లతో ఎత్తు వదినా. గీత పెట్టిన కాడ."

ఆమె ఎత్తింది. తోక నేలకు వాలిపోయింది.

"తోక బరువైతే గాల్లో నిలవదు. పడిపోద్ది." పెద్దది అంటించాడు. ఈసారి విమానం ఆమె వేళ్ల మీద ఊగి, సమంగా నిలిచింది. ముక్కు రవ్వంత కిందికి చూసింది.

"ఇదే పెట్టీ," అంది గౌరీశ్వరి.

ఆదివారం పొద్దున్న సబ్బవరం దాటాక ఒక ఖాళీ లేఅవుట్‌కి వెళ్లారు. సాయిశంకర్ ఇంజిన్లో స్పిరిట్టూ ఆముదమూ కలిపిన ఇంధనం పోసి, ప్లగ్గుకి బ్యాటరీ తగిలించి పంకా తిప్పాడు. ఇంజిన్ దగ్గింది, ఆగింది. మళ్లీ తిప్పితే అందుకుంది. తోక పట్టుకున్న గౌరీశ్వరి మోచేతుల దాకా అదురు పాకింది. ఆముదం పొగ మొహానికి కొట్టింది. కోటి చొక్కాలు ఉతికినప్పుడల్లా ఇదే వాసన. తనలో ఏదో జరుగుతుందని ఎదురుచూసింది. ఏమీ జరగలేదు.

"వదిలీ!"

వదిలింది. మట్టిరోడ్డు మీద పరుగెత్తి ఎర్ర విమానం లేచింది. సాయిశంకర్ చేతిలోని రిమోట్ తిప్పుతుంటే కొండ వైపు తిరిగి, వాళ్ల నెత్తి మీదుగా వచ్చి, ఇంధనం అయిపోవస్తుండగా తిన్నగా దిగింది. సాయిశంకర్ కళ్లు తుడుచుకున్నాడు. ఆమె అతని వీపు నిమిరింది.

"నువ్వే ఉంచుకో సాయీ," అంది.

"నావల్ల కాదు వదినా."

ఆటోలో, విప్పదీసిన రెక్కను ఒళ్లో పెట్టుకుని ఇంటిదారి పట్టింది. రెక్క కిందంతా నూనె. చీర కుచ్చిళ్ల మీద మరక పెద్దదవుతోంది. చూస్తూనే ఉంది, పక్కకు జరపలేదు.